చుక్క సాగితే చక్రాన్నే తిట్టవద్దు

ఖగోళ ఛాయాగ్రహణం అనగానే మనకు దుర్భిణి, కెమెరా గుర్తుకు వస్తాయి. ఆ రెండింటినీ మోస్తూ, భూమి తిరిగే వేగానికి సరిసమానంగా వాటిని ఎదురు దిశలో తిప్పుతూ ఉండే పీఠం గుర్తుకు రాదు. ఔత్సాహికులు దానిని మౌంట్ అంటారు. నేనూ ఆ మాటే వాడతాను. చిత్రం బాగా వస్తే పేరు కెమెరాకు పోతుంది, చెడితే నింద మౌంట్‌కు వస్తుంది. ఆ నింద చాలాసార్లు అన్యాయమైనదనీ, దానివల్ల మన ప్రాంతంలో ఈ విద్యకు జరుగుతున్న నష్టం చిన్నది కాదనీ నా అభిప్రాయం. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంతో పరిచయం లేని మిత్రుల కోసం ముందుగా నాలుగు మాటలు. భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లలో ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఆకాశం సెకండుకు 15 ఆర్క్‌సెకండ్ల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తుంది. డిగ్రీలో 3600వ వంతు ఆర్క్‌సెకండు. మన పంచాంగకర్తలు దానినే వికళ అన్నారు; 60 వికళలు ఒక కళ, 60 కళలు ఒక డిగ్రీ. ఆ పాత మాటలు చక్కగా ఉన్నాయి కనుక వాటినే వాడతాను. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల చిన్న దుర్భిణికి 3.76 మైక్రాన్ల పిక్సెళ్ళున్న కెమెరా తగిలిస్తే, ఒక్కొక్క పిక్సెల్ ఆకాశంలో దాదాపు 1.9 వికళలను చూస్తుంది. మౌంట్ ఆగిపోతే ఒక్క సెకండులోనే చుక్క ఏడెనిమిది పిక్సెళ్ళు దాటిపోతుంది. మసక నీహారికను పట్టాలని ఐదు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే, ఆ కాలంలో ఆకాశం 75 కళలు జరుగుతుంది. అది రెండు నిండు చంద్రుల వెడల్పు కంటె ఎక్కువ. అంత దూరం నడుస్తూ కూడా చుక్కను ఒక్క పిక్సెల్ దాటనీయకుండా పట్టి ఉంచడం మౌంట్ చేయవలసిన పని.

ఏ పళ్ళచక్రమూ అంత నిర్దుష్టంగా తిరగదు. అందుకని పెద్ద దుర్భిణి పక్కనే ఒక చిన్న దుర్భిణి, దానికి ఒక చిన్న కెమెరా బిగిస్తారు. అది ఏదో ఒక చుక్కను ఎన్నుకొని రెండు మూడు సెకండ్లకొకసారి చూస్తూ, ఎంత జరిగిందో కొలిచి, ఇటు కొంచెం తిరుగు, అటు కొంచెం తిరుగు అని మౌంట్‌కు ఆజ్ఞ ఇస్తుంది. దీనినే గైడింగ్ అంటారు. ఈ పనికి విరివిగా వాడే పీహెచ్‌డీ2 అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. "ఇక్కడ నొక్కవోయ్ మొద్దబ్బాయీ" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు ఆ పేరు. తయారుచేసినవారు సరదాకు పెట్టిన పేరే అయినా, మనవాళ్ళు చాలామంది దానిని నిజమని నమ్మేశారు. నొక్కితే చాలు, అదే చూసుకుంటుంది అనుకుంటారు. చూసుకోకపోతే మౌంట్ పాడైందంటారు.

గైడింగ్ మనకు కొత్తది కాదు. ఆకాశమంతటినీ ఫోటో పలకల మీదికి ఎక్కించి పటం తయారుచేయాలని 1887లో పారిస్‌లో అనేక దేశాల ఖగోళవేత్తలు నిర్ణయించారు. ఆ మహాకార్యంలో హైదరాబాదుకూ వాటా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పగా, 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించిన నిజామియా వేధశాల, దక్షిణ ఖగోళంలో 17 నుండి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని తన వంతుగా తీసుకుంది. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీలో కూడా పనిచేసింది. ఫలితాలు 12 సంపుటాలుగా వెలువడ్డాయి. ఆ పలకలు తీసినది ఇంగ్లండులోని యార్కు నగరానికి చెందిన కుక్ కంపెనీవారి 8 అంగుళాల దుర్భిణితో. ఆ కాలంలో గైడింగ్ అంటే మనిషి కన్నే. పరిశీలకుడు గైడు దుర్భిణి దగ్గర కన్ను పెట్టి, ఎన్నుకున్న చుక్క సాలెపోగు వంటి సన్నని గీతల కూడలి నుండి తొలగకుండా చేతితో సవరిస్తూ కూర్చునేవాడు.

ఆ మనిషికి ఉన్నదీ, నేటి సాఫ్ట్‌వేర్‌కు లేనిదీ ఒకటి ఉంది. చుక్క వణికితే అది గాలి వల్ల వణికిందా, చక్రం వల్ల జరిగిందా, కాలు తగిలి అదిరిందా అన్న వివేకం అతనికి ఉండేది. గాలి వల్ల వణికితే చేయి కదపకుండా ఊరుకునేవాడు. సాఫ్ట్‌వేర్ కొలుస్తుంది, సవరిస్తుంది; కారణం అడగదు. ఆ ప్రశ్న అడగవలసినవాళ్ళం మనం. గైడింగ్ సవరణే గాని చికిత్స కాదు. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే: దోషం ఎక్కడుందో తెలుసుకోకుండా గైడింగ్ అంకెలు మార్చడం, అంతకంటె ముందుకు పోయి మౌంట్‌నే మార్చడం, నాడి చూడకుండా మందు ఇవ్వడం వంటిది.

నాడి చూడడం ఎలాగ? ప్రతి దోషానికీ ఒక లయ ఉంటుంది. గైడింగ్ సాగుతున్నప్పుడు తెర మీద రెండు గీతలు నడుస్తుంటాయి. భూమి అక్షానికి సమాంతరంగా ఉండి, తూర్పు నుండి పడమరకు తిప్పే అక్షానిది ఒక గీత. దానిని ఆర్‌ఏ అంటారు. దానికి లంబంగా ఉండి ఉత్తర దక్షిణాలకు తిప్పే అక్షానిది రెండవ గీత, అది డెక్. కాసేపు సవరణలు ఆపివేసి, మౌంట్‌ను దాని మానాన తిరగనిచ్చి, ఈ రెండు గీతలను పది పదిహేను నిమిషాలు చూడాలి. సాఫ్ట్‌వేర్‌లోనే గైడింగ్ అసిస్టెంట్ అనే సాధనం ఇందుకోసం ఉంది. నేనెరిగిన ఔత్సాహికులలో దానిని ఒక్కసారైనా వాడినవారు తక్కువ.

డెక్ గీత ఒకే దిక్కుకు, ఒకే వేగంతో నింపాదిగా పోతూ ఉంటే మౌంట్ అక్షం ధ్రువానికి సూటిగా లేదన్నమాట. ధ్రువానికి ఒక కళ తప్పి ఉంటే చుక్క నిమిషానికి గరిష్ఠంగా 0.26 వికళలు జారుతుంది. పది కళలు తప్పితే ఐదు నిమిషాల్లో 13 వికళలు, అంటే పైన చెప్పిన కెమెరాలో దాదాపు 7 పిక్సెళ్ళు. గైడింగ్ దీనిని సవరించినట్లే కనిపిస్తుంది గాని, సవరించేది తాను చూస్తున్న చుక్కను మాత్రమే. మిగిలిన చుక్కలన్నీ దాని చుట్టూ మెల్లగా తిరిగి అంచుల వద్ద చిన్న చిన్న చాపాలవుతాయి.

ఆర్‌ఏ గీత అలలాగా లేచి పడుతూ, ఎనిమిది తొమ్మిది నిమిషాలకు మళ్ళీ అదే ఆకారాన్ని తిప్పి రాస్తుంటే అది వార్మ్ గేరు దోషం. 180 పళ్ళ చక్రమైతే వార్మ్ ఒక చుట్టు తిరగడానికి 479 సెకండ్లు పడుతుంది. 144 పళ్ళదైతే 598 సెకండ్లు. అల కాలాన్ని గడియారంతో కొలిచి ఈ అంకెతో సరిచూస్తే సందేహం తీరిపోతుంది. ఇది నిజంగా చక్రం దోషమే. కానీ నింపాదిగా వచ్చే అల కనుక గైడింగ్ సులువుగా సరిదిద్దగలిగేదీ ఇదే. అంటే మనం అందరికంటె ఎక్కువగా తిట్టే దోషం, అన్నిటికంటె తక్కువ హాని చేసేది.

డెక్ గీత ఆజ్ఞలు వెళ్తున్నా కదలక మొండికేసి, ఉన్నట్టుండి అవతలికి గెంతితే పళ్ళ మధ్య వదులు ఉన్నదని అర్థం. దీనికి స్క్రూ బిగించడం ఒక దారి. అది చేతకాకపోతే డెక్ సవరణలను ఒకే దిక్కుకు పరిమితం చేయడం ఇంకొక దారి. అప్పుడు పళ్ళు ఎప్పుడూ ఒకవైపే ఆనుకొని ఉంటాయి. రెండు గీతలూ ప్రతి కొలతకూ లయ లేకుండా పైకీ కిందికీ ఎగురుతుంటే అది మౌంట్ తప్పు కాదు, గాలి తప్పు. చుక్కలు మిణుకుమనడానికి కారణమైన వాయు చలనమే అది. దానిని వెంబడించే కొద్దీ మౌంట్ తాను నిలిచి ఉండవలసిన చోట కూడా ఊగడం మొదలుపెడుతుంది. ఇక్కడ చేయవలసింది సవరణ తీవ్రతను తగ్గించి, గైడు కెమెరా ఒక్కొక్క కొలతకు తీసుకునే కాలాన్ని మూడు నాలుగు సెకండ్లకు పెంచడం. మన మిత్రులు చాలామంది సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు. గీత ఎగిరితే ఇంకా గట్టిగా కొట్టమంటారు.

ఇంతవరకు చెప్పినది ఏ దేశంలోనైనా ఒకటే. మన అనకాపల్లిలో కూర్చున్నవాడికి వేరే చిక్కులు ఉన్నాయి. వాటి గురించి మౌంట్‌తో పాటు వచ్చే పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకదు. ఆ పుస్తకాలు రాసేవారి ఊళ్ళలో ధ్రువతార ఆకాశంలో సగం ఎత్తున ఉంటుంది. మన ఊరి అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి మనకు ధ్రువం అంతే ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు ఎంత తక్కువో ఒక లెక్క చెబుతాను. నా కంటి మట్టానికి పైన 10 మీటర్లు పెరిగిన కొబ్బరిచెట్టు 30 మీటర్ల దూరంలో ఉన్నా చాలు, ధ్రువుడు దాని మట్టల వెనక్కు పోతాడు. పక్కవారు మేడ మీద ఇంకొక అంతస్తు వేసుకుంటే ఇక శాశ్వతంగా కనపడడు.

కనిపించినా అతని కాంతి నెత్తి మీది చుక్క కాంతి కంటె మూడు రెట్లకు పైగా మందమైన గాలిపొరను దాటి రావాలి. మన ఊరిలో ఆకాశం తేటపడే శీతకాలమే చెరకు గానుగాడే కాలం కూడా. బెల్లం పెనాల కింద మండే పొయ్యిల పొగ, కోత అయ్యాక తగలబెట్టిన చెరకు ఆకు పొగ దిగంతాన పొరగా పేరుకుంటాయి. ఉత్తరాన చోడవరం, మాడుగుల వైపు కొండలు కనబడని రాత్రి ధ్రువుడు కనబడతాడని ఆశపడటం దండుగ. పైగా ఆ ఎత్తున వాయుమండలం కాంతిని వంచడం వల్ల ధ్రువుడు ఉన్నచోటికంటె దాదాపు 3 కళలు ఎత్తుగా కనిపిస్తాడు. చిన్న దుర్భిణికి ఇది పెద్ద దోషం కాదు గాని, నాభ్యంతరం పెరిగిన కొద్దీ లెక్కలోకి వస్తుంది.

కాబట్టి మన ఊళ్ళలో ధ్రువుణ్ణి చూసి మౌంట్ నిలపడం అనే పద్ధతి మీదే ఆధారపడరాదు. ధ్రువాన్ని చూడకుండానే మౌంట్‌ను సరిచేసే పాత పద్ధతి ఒకటి ఉంది. ఖగోళ మధ్యరేఖ దగ్గర, సరిగ్గా దక్షిణాన నడినెత్తికి వస్తున్న చుక్కను గైడు దుర్భిణిలో పట్టి, అది ఉత్తర దక్షిణాలకు ఎటు జారుతున్నదో చూస్తే మౌంట్ తూర్పుకు తిరిగి ఉందో పడమరకు తిరిగి ఉందో తెలుస్తుంది. తూర్పునో పడమరనో ఉన్న చుక్కను పట్టి చూస్తే మౌంట్ తల ఎత్తు తెలుస్తుంది. డ్రిఫ్ట్ పద్ధతి అని దీని పేరు. అరగంట పడుతుందని చాలామంది విసుక్కుంటారు. అంత ఓపిక లేకపోతే, ఆకాశంలో మూడు చోట్ల ఫోటోలు తీసి, వాటిలోని చుక్కలను గుర్తుపట్టి, మౌంట్ అక్షం ఎటు ఉన్నదో లెక్కకట్టి చెప్పే సదుపాయం నైనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దానికీ ధ్రువుడు కనపడనవసరం లేదు.

మరొక చిక్కు మౌంట్ శరీర నిర్మాణంలో ఉంది. తూకపు రాళ్ళతో ఉండే మౌంట్లను తల బాగా ఎత్తిపెట్టి వాడేవారిని దృష్టిలో పెట్టుకొని చేస్తారు. మనం దాని తలను 17.7 డిగ్రీలకు దించేసరికి అక్షం దాదాపు పడుకున్నట్లవుతుంది. బరువంతా ఉత్తరానికి మొగ్గుతుంది. తూకపు కడ్డీ తిన్నగా కిందికి వేలాడి ఉత్తరపు కాలికి తగలబోతుంది. తగిలినచోట మోటారు మూలుగుతుంది, చుక్క గీతవుతుంది. మనం గైడింగ్ చెడిందంటాం. మౌంట్‌కూ ముక్కాలికీ మధ్య ఒక పొట్టి స్తంభం పెట్టి ఎత్తు పెంచడం, లేదా ఒక కాలు దక్షిణానికి వచ్చేట్టు ముక్కాలిని తిప్పి, బరువు మొగ్గకుండా చూసుకోవడం ఇందుకు విరుగుడు. పగటి పూట, దుర్భిణి లేకుండా, కడ్డీని ఒక చుట్టు చేతితో తిప్పి చూస్తే ఈ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకొకటి. మనకు నెత్తి మీదికి వచ్చే ఆకాశం వేగంగా తిరిగే ఆకాశం. చుక్క ఖగోళ మధ్యరేఖకు ఎంత దగ్గరగా ఉంటే దాని నడక అంత పెద్దది, ఆర్‌ఏ దోషం కూడా అంత పెద్దదిగా కనిపిస్తుంది. అందరూ మొదట తీయాలనుకునే మృగశిర నీహారిక దాదాపు ఆ మధ్యరేఖ మీదే ఉంది. మన ఊరిలో 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఉత్తర దేశాలవారు ధ్రువం దగ్గరి గెలాక్సీలను తీసి చూపించే గుండ్రని చుక్కలతో మన మృగశిర చుక్కలను పోల్చుకొని చిన్నబోవడం న్యాయం కాదు. కృత్తికలు, రోహిణి వంటివి మన నడినెత్తికి దగ్గరగా నడుస్తాయి. అక్కడికి చేరిన పొడుగాటి దుర్భిణి వెనుక భాగం ముక్కాలికి రాసుకుంటుంది. ఈ రాపిడిని కూడా చక్రం దోషంగా జమకట్టేవారు ఉన్నారు.

ఇక ఇంటి డాబా సంగతి. మన ఊరివారిలో ఎక్కువమందికి డాబాయే వేధశాల. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి చాలాసేపటి వరకు వేడిగాలిని పైకి వదులుతూనే ఉంటుంది. ఆ గాలి వణుకు గ్రాఫులో కనిపిస్తుంది. శ్లాబు మధ్యలో నిలబెడితే మన అడుగుల అదురూ కనిపిస్తుంది. గోడకో దూలానికో పైన కాళ్ళు ఆనేట్టు నిలబెడితే తగ్గుతుంది. ఊరి మీదుగా చెన్నై హౌరా రైలు మార్గం పోతుంది. పట్టాలకు దగ్గరగా ఇల్లున్నవారు గ్రాఫులో గెంతుల వేళనూ గూడ్సు బండి వేళనూ పక్కపక్కన రాసి చూసుకోవాలి. సముద్రం దూరం కాదు కనుక తెల్లవారుజామున మంచు విపరీతం. గైడు దుర్భిణి అద్దం మసకబారితే గైడు చుక్క వెలుగు నెమ్మదిగా తగ్గుతూ పోయి చివరకు మాయమవుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో అడాప్టరు తడబడితే మౌంట్ ఒక్క అరక్షణం నిలిచిపోతుంది; 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకుంటే ఆ బాధ లేదు. వీటిలో ఒక్కటీ కొత్త మౌంట్ కొంటే పోయేది కాదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణమైన ఒక ఉదంతం ఉంది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు, పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రులు డాబా మీద గడిపేవాడు. వరుసగా రెండు శీతకాలాలు అతని చిత్రాలలో చుక్కలు బియ్యపు గింజల్లా సాగి వచ్చాయి. అమ్మినవారిని అడిగితే "ఆ మౌంట్ అంతేనండీ, పెద్దది తీసుకోండి" అన్నారట. అప్పు చేసి పెద్దది తీసుకున్నాడు. చుక్కలు అలాగే సాగాయి. ఇక మొత్తం అమ్మేస్తానని నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, గ్రాఫు బాగానే ఉంది కదండీ, మరి చుక్క ఎందుకండీ సాగిపోతోంది?" అన్నాడు.

ప్రశ్నలోనే జవాబు ఉంది. గ్రాఫు బాగుందంటే మౌంట్ తన పని చేస్తున్నట్లే. గైడు దుర్భిణి చూస్తున్న చుక్క నిలిచి ఉండి, పెద్ద దుర్భిణి చూస్తున్న చుక్క సాగితే, ఆ రెండు దుర్భిణులూ ఒకే చోటికి చూడడం లేదన్నమాట. గంట తేడాతో తీసిన రెండు ఫోటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. చుక్కలన్నీ ఒకే దిక్కుకు 40 పిక్సెళ్ళు జరిగి ఉన్నాయి. తిరుగుడు లేదు, కనుక ధ్రువ దోషం కాదు. ఐదు నిమిషాలకు మూడు పిక్సెళ్ళ పైచిలుకు లెక్క తేలింది. అతని బియ్యపు గింజ పొడవూ అంతే. గైడు దుర్భిణిని పట్టి ఉంచే వలయాల స్క్రూలకు మెత్తని ప్లాస్టిక్ మొనలు ఉన్నాయి. దుర్భిణి వంగిన కొద్దీ దాని బరువుకు అవి నలుగుతున్నాయి. పాత మౌంట్ నుండి కొత్త మౌంట్‌కు ఆ వలయాలు అలాగే బదిలీ అయ్యాయి, వాటితో పాటు దోషమూ బదిలీ అయింది. గట్టి బిగింపు వేయించాక 40 పిక్సెళ్ళు మూడుకు వచ్చాయి. పాత మౌంట్‌తో కూడా పరీక్షించి చూశాం. చుక్కలు గుండ్రంగానే వచ్చాయి. అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

ఇటువంటి కుర్రవాళ్ళు ఎంతమంది మధ్యలో వదిలేసి పోయారో ఎవరికి లెక్క తెలుసు? విదేశాల్లో మౌంట్ మీద అనుమానం వస్తే వెనక్కు పంపుతారు, ఇంకొకటి వస్తుంది. మనకు సముద్రాలు దాటి వచ్చిన వస్తువు, సుంకం కట్టి విడిపించుకున్న వస్తువు. తిరిగి పంపడం సామాన్యుడి వల్ల కాదు, బాగుచేసేవాడు మన ఊరి చుట్టుపక్కల దొరకడు. కనుక దోషం కనిపెట్టే విద్య వారికి ఒక సౌకర్యం, మనకు అవసరం. కొనే స్తోమత లేనివాడికే కారణం వెదికే ఓపిక ఎక్కువ అవసరమవుతుంది.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిని దాటవేయను. చవక మౌంట్లలో నిజంగా చెడ్డ చక్రాలు ఉండవా అని అడగవచ్చు. ఉంటాయి. అల ఎనిమిది నిమిషాలకు కాక, కొద్ది సెకండ్లకొకసారి పదునుగా లేస్తుంటే గైడింగ్ దానిని అందుకోలేదు. అప్పుడు దోషం చక్రాల్లోనే ఉందని ఒప్పుకోవలసిందే. ఆ నిర్ణయానికి కూడా కొలత మీదుగానే రావాలి గాని కోపం మీదుగా కాదు. ఇప్పుడు తూకపు రాళ్ళు అక్కరలేని హార్మోనిక్ మౌంట్లు వచ్చాయి కదా, ఈ బాధలన్నీ ఎందుకని మరికొందరంటారు. అవి తేలిక, మన అక్షాంశంలో కడ్డీ తగిలే గొడవ లేదు, నాకూ ఇష్టమే. కానీ వాటి ఆవర్తన దోషం సామాన్యంగా పెద్దది. గైడింగ్ లేకుండా వాటితో ఎక్కువసేపు తీసే ఫోటో లేదు. కొలతలు సెకండుకో అరసెకండుకో ఒకసారి జరగాలి. పీఠం తేలికైన కొద్దీ కింద ముక్కాలి గట్టిగా ఉండవలసిన అవసరం పెరుగుతుంది. అంటే కారణం వెదికే పని అక్కడా తప్పదు.

అలాగే అంకెల మోజు గురించి కూడా ఒక మాట. గైడింగ్ సగటు దోషం 0.4 వికళలు వచ్చిందని ఒకరు, 0.8 వచ్చిందని ఒకరు పోటీ పడుతుంటారు. పిక్సెల్ 1.9 వికళలు చూస్తున్నప్పుడు, గాలి వణుకే మూడు వికళలు ఉన్న రాత్రి, ఆ రెంటికీ చిత్రంలో తేడా కనిపించదు. పిక్సెల్‌లో సగానికి లోపల ఉంటే చాలు. నేటి కెమెరాల్లో ఎలక్ట్రానిక్ రొద బాగా తగ్గింది కనుక ఐదు నిమిషాల ఫోటోలే తీయాలన్న నియమమూ లేదు. నిమిషానికొకటి చొప్పున వంద తీసి కలిపితే, పదో పన్నెండో చెడినా పారేయవచ్చు. మనం తీస్తున్నది ఆకాశం బొమ్మ. గ్రాఫు బొమ్మ కాదు.

నేను పాటించే క్రమం చెప్పి ముగిస్తాను. పగలే ముక్కాలి, స్క్రూలు, గైడు దుర్భిణి బిగింపు, తీగలు ఎక్కడైనా లాగుతున్నాయా అన్నది చేతితో పట్టి చూస్తాను. సాయంత్రం తూకం చూసి, తూర్పువైపు పిసరంత ఎక్కువ బరువు ఉంచుతాను. చక్రాల పళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉండడానికి. చీకటి పడ్డాక ధ్రువానికి సరిచేస్తాను. గైడింగ్ తొలి పరీక్ష, అంటే క్యాలిబ్రేషన్, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, దక్షిణాన ఎత్తులో ఉన్న చుక్క మీద చేస్తాను. సవరణలు లేకుండా పది నిమిషాలు చూస్తాను. అప్పటికీ అవసరమైతేనే అంకెలు ముట్టుకుంటాను, అదీ ఒక్కసారికి ఒక్కటే. ఏది మార్చానో, ఏమైందో, ఆ రాత్రి గాలి, మంచు, పొగ ఎలా ఉన్నాయో ఒక నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటాను.

ఆ నోటు పుస్తకమే అన్నిటికంటె విలువైన పరికరమని నా నమ్మకం. యార్కులో తయారైన దుర్భిణితో 17.4 డిగ్రీల అక్షాంశాన ఉన్న హైదరాబాదులో మనవాళ్ళు పలక తరువాత పలకగా తీసి, కొలిచి, రాసి పెట్టారు కనుకనే ఆ 12 సంపుటాలు మిగిలాయి. మన అక్షాంశపు చిక్కులు మనమే రాసుకోవాలి. 50 డిగ్రీల ఎత్తున ధ్రువుణ్ణి చూసేవాడు రాసిపెట్టడు. శ్రీకాకుళం నుండి తిరుపతి దాకా, ఆదిలాబాదు నుండి ఖమ్మం దాకా డాబా మీద ముక్కాలి నిలబెట్టిన మిత్రులెవరైనా ఉంటే, మీ ఊరి గాలి గురించి, మీ మౌంట్ లయ గురించి, మీరు కనిపెట్టిన కారణం గురించి రాయండి. ఒక కుర్రవాడు అప్పు చేయబోయే ముందు అది చదివితే, మీ రాత చేసిన మేలు ఏ బహుమతికీ తీసిపోదు.